కొబ్బరినీళ్లు తాగి పెట్ స్కాన్‌కి వెళ్లాను

వేలికి సూది గుచ్చి, చుక్క రక్తం స్ట్రిప్పు మీద పెట్టి, మిషన్ వంక చూసిన నర్సమ్మ మొహం మారిపోయింది. "238 ఉంది పెద్దాయనా! ఏం తిన్నారు?"

ఏమీ తినలేదు. నిజంగానే తినలేదు. ముందు రోజు రాత్రి 8 గంటలకు రెండు పుల్కాలు తిని పడుకుని, తెల్లవారుజామున మిర్యాలగూడలో బస్సెక్కాం. చౌటుప్పల్ దగ్గర బస్సు ఆగినప్పుడు మా ఆవిడ దిగి రెండు బోండాలు కొట్టించుకొచ్చింది. "నీళ్లు దాగొచ్చన్నరు గదా, ఇవీ నీళ్లే" అంది. నాకూ న్యాయంగానే అనిపించింది. రెండూ నేనే తాగాను.

నర్సమ్మకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. "మంచినీళ్లు అన్నాం సార్, కొబ్బరినీళ్లు కాదు." ఒంట్లో ఏ చోటు చక్కెర ఎక్కువగా తింటోందో చూపించేదే పెట్ స్కాన్. దానికోసం చక్కెర లాంటి మందు ఇంజెక్షన్ ఇస్తారు, షుగర్ 200 దాటితే అక్కడ అది ఇవ్వరట. "పోనీ ఇన్సులిన్ వేసి దించండమ్మా" అన్నాను, ఏదో తెలిసినవాడిలా. అప్పటికప్పుడు ఇన్సులిన్ వేస్తే ఒంట్లోని చక్కెరతో పాటు వాళ్లు ఎక్కించే మందు కూడా కండల్లోకి పోతుందట. స్కాన్‌లో తొడలూ భుజాలూ వెలుగుతాయి తప్ప చూడాల్సింది కనబడదట. గురువారం రమ్మన్నారు. ఆ పొద్దున నా పేరు మీద వచ్చిన డోసు వృథా అయిపోయింది.

నాకు 61 ఏళ్లు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ మీద వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. మూడేళ్ల కిందట విరేచనంలో రక్తం పడితే మొలలనుకున్నాను. ఆరు నెలలు నాటు మందు వాడి, ఇంకెవరో తిడితే కొలనోస్కోపీకి వెళ్లాను. పురీషనాళంలో, అంటే పెద్దపేగు చిట్టచివర, క్యాన్సర్ గడ్డ. ముందు మాత్రలతో పాటు 25 రోజులు కరెంటు పెట్టారు (రేడియేషన్‌ని మా వైపు అందరం అలాగే అంటాం). ఆ తర్వాత ఆపరేషన్, ఆ తర్వాత మళ్లీ కీమో. చల్లటి నీళ్లు ముట్టుకుంటే వేళ్లకు షాకు కొట్టిన రోజులవి. అదంతా రాస్తే వేరే కథ. ఇక్కడ చెప్పాలనుకున్నది స్కాన్ల సంగతి.

ఆపరేషన్ అయ్యాక, క్యాన్సర్ తిరగబెడుతోందేమో పసిగట్టడానికి మూడు నెలలకోసారి సీఈఏ అనే రక్తపరీక్ష చేస్తుంటారు. 5 లోపు ఉంటే నిశ్చింత. నాది ఏడాదికి పైగా రెండున్నర దగ్గరే ఉంది. ఒకసారి 6.1 వచ్చింది. నెల ఆగి చేస్తే 8.9. సీటీ తీస్తే రెండు చోట్ల అనుమానం. వెన్ను చివరి ఎముక ముందు, ఆపరేషన్ చేసిన చోటే, 2.4 సెంటీమీటర్ల మెత్తటి ముద్ద. కాలేయంలో 14 మిల్లీమీటర్ల మచ్చ. మొదటిది ఆపరేషన్, కరెంటు తర్వాత మిగిలిన గాయపు మచ్చ కావచ్చు, క్యాన్సర్ తిరగబెట్టిందీ కావచ్చు. రెండోది కాలేయానికి పాకిన క్యాన్సర్ కావచ్చు, పుట్టినప్పటి నుంచీ ఉన్న పుట్టుమచ్చ లాంటిదీ కావచ్చు.

"సీటీ ఆకారం చూపిస్తుంది. అది బతికుందా, తింటోందా అనేది చెప్పదు. అందుకే పెట్" అన్నారు డాక్టరు గారు. ఈ జబ్బుకు మొదట్లోనే అందరికీ పెట్ రాయరట. ఇలా సీఈఏ పెరిగి, సీటీ తేల్చలేక చేతులెత్తేసినప్పుడు దాని అవసరం వస్తుందట.

గురువారం పరగడుపున, ఈసారి మంచినీళ్లు మాత్రమే తాగి వెళ్లాను. షుగర్ 146. చేతికి సూది పెట్టి చిన్న గదిలో రిక్లైనర్ కుర్చీలో పడుకోబెట్టారు. కాసేపటికి ఒకబ్బాయి బరువైన పెట్టె మోసుకొచ్చాడు. మన టిఫిన్ క్యారియర్ అంత ఉంటుంది కానీ రెండు చేతులతో ఎత్తుతున్నాడు. లోపల సిరంజి, దాని చుట్టూ మందపాటి లోహపు తొడుగు. మందు ఒంట్లోకి వెళ్లింది కూడా తెలియలేదు. అబ్బాయి మాత్రం క్షణం ఎక్కువ నిలబడకుండా వెళ్లిపోయాడు. మాట్లాడొద్దు, ఫోను చూడొద్దు, కాలు కూడా ఊపొద్దు, గంట కదలకుండా పడుకో అన్నారు. మాట్లాడితే గొంతు కండరాలు, నమిలితే దవడలు ఆ మందును తినేస్తాయి. ఏసీకి వణుకుతుంటే దుప్పటి తెచ్చి కప్పారు. అది మర్యాద అనుకున్నాను. చలేస్తే మెడ దగ్గరా భుజాల దగ్గరా ఉండే ఒక రకం కొవ్వు వేడి పుట్టించడానికి చక్కెర కాలుస్తుందనీ, అది గడ్డల్లా కనబడుతుందనీ తర్వాత తెలిసింది.

ఆ మందు పేరు ఎఫ్‌డీజీ. గ్లూకోజ్‌లో ఒక చోట ఉండే ఆక్సిజన్, హైడ్రోజన్ జంటను తీసి అక్కడ రేడియోధార్మిక ఫ్లోరిన్ పెడతారు. కణం దాన్ని మామూలు చక్కెరే అనుకుని లోపలికి లాక్కుంటుంది. అరిగించుకోవడం మొదలుపెడుతుంది. మొదటి మెట్టు దాటాక ఇక ముందుకు సాగదు, బయటికీ రాదు, అక్కడే ఇరుక్కుంటుంది. ఎవరు ఎక్కువ లాక్కున్నారో వాళ్ల దగ్గర ఎక్కువ పోగుపడుతుంది. ఫ్లోరిన్ నుంచి వెలువడే పాజిట్రాన్ అనే సూక్ష్మ రేణువు పక్కనే ఉన్న ఎలక్ట్రాన్‌ను తాకి, ఒకదానికొకటి ఎదురు దిక్కుల్లో రెండు కిరణాలుగా మారిపోతుంది. చుట్టూ ఉన్న రింగు ఆ రెండింటినీ ఒకేసారి పట్టుకుని, మధ్యలో గీత గీసి, ఎక్కడి నుంచి వచ్చాయో లెక్కగడుతుంది.

ఈ ఫ్లోరిన్ 110 నిమిషాలకోసారి సగం అయిపోతుంది. అందుకే ఆలస్యంగా వస్తే వాళ్లకంత కోపం. తయారైన చోటి నుంచి తెచ్చే బండి ట్రాఫిక్‌లో గంట ఇరుక్కుంటే దాదాపు మూడో వంతు దారిలోనే ఖర్చయిపోతుంది. 1976లో అమెరికాలో దీన్ని మొదటిసారి మనిషికి ఎక్కించినప్పుడు న్యూయార్క్ దగ్గరి బ్రూక్‌హేవెన్ లాబ్‌లో తయారుచేసి, విమానంలో ఫిలడెల్ఫియాకు తీసుకెళ్లారట. కాలువ చివరికి (టెయిల్ ఎండ్‌కు) చేరేలోపు ఇంకిపోయే నీళ్ల బాధ నాకు బాగా తెలుసు కాబట్టి ఆ సంగతి చదివినప్పుడు నవ్వొచ్చింది.

గంట అయ్యాక బాత్‌రూమ్‌కి వెళ్లి రమ్మన్నారు. చేతులు తల పైకి పెట్టి 20 నిమిషాలు సొరంగంలో. అందులో చెప్పుకోవాల్సిందేమీ లేదు, భుజం నొప్పి తప్ప. బయటికొచ్చాక, ఆ రోజంతా గర్భిణులకూ చిన్నపిల్లలకూ దూరంగా ఉండమన్నారు. మా అమ్మాయికి ఏడో నెల. ఆ రాత్రి వాళ్లింటికి వెళ్లకుండా ఎల్‌బీ నగర్‌లో లాడ్జిలో పడుకున్నాం. లెక్కేసుకున్నాను, 18 గంటలయ్యేసరికి సుమారు వెయ్యో వంతే మిగులుతుంది. పొద్దున్నే వెళ్లి మా అమ్మాయి చేతి ఉప్మా తిన్నాను.

ఇక్కడ నేను చేసిన పెద్ద తప్పు, రిపోర్టు రాకముందే సీడీని మా మేనల్లుడి కంప్యూటర్‌లో పెట్టి చూడటం. తెల్లటి మనిషి ఆకారం, అందులో నల్లగా మెదడు. మొత్తం నలుపు! గుండె నలుపు, మూత్రపిండాలు నలుపు, మూత్రాశయం బొగ్గు ముద్ద. పొట్ట నిండా నల్లటి తాడు చుట్టలు. ఎక్కువ మందు చేరిన చోటు నల్లగా చూపిస్తుందని మావాడు ముందే చెప్పాడు. ఇంకేముంది, ఒళ్లంతా పాకింది అనుకున్నాను. మా ఆవిడకు చెప్పలేదు. రెండు రాత్రులు నిద్రలేదు.

రేడియాలజీలో పీజీ చేస్తున్న ఒకమ్మాయి ఉంది, ఆ తర్వాత నాకు చాలా చెప్పింది ఆమే. నా భయం విని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అంకుల్, మెదడు తినేదే చక్కెర. అది నల్లగా లేకపోతే భయపడాలి. మామూలు గ్లూకోజ్‌ని కిడ్నీలు వెనక్కి లాక్కుంటాయి, దీన్ని మాత్రం చాలావరకూ మూత్రంలోకి వదిలేస్తాయి. అందుకే బ్లాడర్ అలా ఉంది."

"మరి పొట్టలో తాళ్లు?"

ఆమె నవ్వు ఆగింది. "మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నారా?"

వేసుకుంటున్నాను. పదేళ్లుగా. స్కాన్ సెంటర్‌కి ఫోన్ చేసి షుగర్ మాత్రల సంగతి ప్రత్యేకంగా అడిగాను కూడా. "పొద్దున ఒక్కపూట మానేయండి, చాలు" అన్నారు అవతలి గొంతు. చాలదు. మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ల పేగు గోడ ఈ చక్కెరను విపరీతంగా పోగేసుకుంటుంది. అందుకే పేగు చూడాల్సినప్పుడు రెండు రోజుల ముందే, అదీ డాక్టర్ని అడిగి, ఆపిస్తారట. ఫలితం ఏమిటంటే, 18 వేలు కట్టి తీయించుకున్న స్కాన్‌లో పేగు కుట్టిన చోటు నల్లగా ఉంది. దాని వెనకే ఉన్న ముద్దా నల్లగా ఉంది. రెండింటి మధ్యా గీత ఎక్కడో సరిగ్గా తెలియడం లేదు. "ముద్దలో ఎస్‌యూవీ 6.8, పక్కనున్న పేగు ప్రభావం ఉండవచ్చు" అని రాశారు. ఎస్‌యూవీ అంటే, ఎక్కించిన మందు ఒళ్లంతా సమంగా పరుచుకుంటే ప్రతి చోటా 1 ఉంటుంది, దానికి ఇక్కడ ఎన్ని రెట్లు ఉందో ఆ లెక్క. 6.8 తక్కువేమీ కాదు. కానీ ఆ తర్వాతి వాక్యం ఉంది కదా, దాని వల్ల నేను మళ్లీ నాలుగు లీటర్ల విరేచనాల మందు తాగి కొలనోస్కోపీ చేయించుకోవాల్సి వచ్చింది. పేగు శుభ్రంగా ఉంది. అంటే నలుపులో ముద్ద వాటా నిజమే. సీటీ చూస్తూ వెనక నుంచి సూది పెట్టి ముక్క తీశారు. క్యాన్సరే.

ఇక కాలేయంలో మచ్చ. అది పెట్‌లో వెలగలేదు, అంటే నల్లగా కనబడలేదు. నేను సంతోషించాను. డాక్టరు గారు సంతోషించలేదు. కాలేయం తనే కొంత చక్కెర తీసుకుంటుంది, ఆ నేపథ్యంలో చిన్న మచ్చ కలిసిపోవచ్చు. పైగా నా మొదటి బయాప్సీలో కొంత భాగం జిగురు రకం అని ఉంది. ఆ రకం గడ్డలో కణాల కంటే జిగురే ఎక్కువ, అందుకని పెట్‌కు దొరక్కుండా తప్పించుకుంటుంది. "ఇది ఏం తింటోందో చూశాం, తేలలేదు. దీనికి రక్తం ఎటు నుంచి, ఎంత వేగంగా వస్తోందో చూద్దాం" అని కాంట్రాస్ట్ (ఫోటోలో రక్తం దారి కనబడేలా నరంలోకి ఎక్కించే మందు) పెట్టి ఎంఆర్‌ఐ రాశారు.

ఇక్కడి నుంచి నాకు విషయం సొంత ఊళ్లో నడిచినట్టు అర్థమైంది. మన కాలేయానికి రెండు కాలువలు. పెద్దది పేగుల నుంచి వచ్చే పోర్టల్ సిర, ముప్పావు వంతు రక్తం దాన్లోనే వస్తుంది. చిన్నది గుండె వైపు నుంచి వచ్చే ధమని, పావు వంతు. మంచి కాలేయమంతా పెద్ద కాలువ ఆయకట్టు. పేగు నుంచి వచ్చి స్థిరపడ్డ క్యాన్సర్ మాత్రం కాస్త పెరిగాక చిన్న కాలువకు సొంతంగా తూము పెట్టుకుంటుంది. అందుకే కాంట్రాస్ట్ ఎక్కించి వెంటవెంటనే ఫోటోలు తీస్తే, పెద్ద కాలువ నీళ్లు వచ్చే సమయానికి చుట్టూ కాలేయం తెల్లబడుతుంది, క్యాన్సర్ మచ్చ నల్లగా మిగిలిపోతుంది. ఏ మడికి ఏ కాలువ నీళ్లు వస్తున్నాయో తెలుసుకోవడానికి మేం రంగు కలిపి చూసేవాళ్లం, అదే పద్ధతి.

నా మచ్చ ఈ రెండు రకాలుగానూ ప్రవర్తించలేదు. మొదటి ఫోటోలో అంచున రెండు మూడు తెల్లటి చుక్కలు. తర్వాతి దాంట్లో చుక్కలు లావయ్యాయి. ఐదు నిమిషాలకు అంచుల నుంచి లోపలికి నెమ్మదిగా నిండుతూ వచ్చింది, కుంట నిండినట్టు. నిండాక అలాగే నిలిచిపోయింది. హీమాంజియోమా అన్నారు. రక్తనాళాల ముద్ద, ఏ హానీ లేదు, చాలామందికి తెలియకుండానే ఉంటుంది. ఆ ఫోటోల వరస ఆ అమ్మాయి పక్కన కూర్చోబెట్టుకుని చూపించింది. ఇన్నేళ్ల కాలువ ఉద్యోగంలో నీళ్లు నిండటాన్ని అంత ఆత్రంగా ఎప్పుడూ చూడలేదు.

అప్పుడే ఆమె అడిగింది, తన థీసిస్ కోసం నాకు పర్‌ఫ్యూజన్ సీటీ, అంటే ముద్దకు రక్తం ఎంత అందుతోందో కొలిచే సీటీ, తీయవచ్చా అని. కీమో మొదలుపెట్టే ముందు ఒకటి, నాలుగు వారాలకు ఒకటి. డబ్బు కట్టనక్కర్లేదు, కానీ రేడియేషన్ కొంచెం అదనం అని దాచకుండా చెప్పింది. తెలుగులో సమ్మతి పత్రం ఇచ్చారు. "సదరు అధ్యయనము నుండి ఏ సమయమునందైనను వైదొలగు స్వేచ్ఛ మీకు కలదు." మా డిపార్ట్‌మెంట్ సర్క్యులర్ గుర్తొచ్చి సంతకం పెట్టేశాను.

మామూలు సీటీలో బల్ల కదులుతూ ఒళ్లంతా ఒకసారి తీస్తారు. ఇక్కడ ముద్ద ఉన్న చోటే మళ్లీ మళ్లీ తీస్తారు. పేగు కదలకుండా ముందు ఒక ఇంజెక్షన్ ఇచ్చారు, నోరు ఎండిపోయింది. తర్వాత మోటారు సిరంజితో కాంట్రాస్ట్ ఒక్క ఊపున ఎక్కించారు. చేతి నుంచి గొంతు దాకా, అక్కడి నుంచి కింది దాకా వేడి పాకింది. పంచె తడిసిందేమోనని కంగారుపడ్డాను. అలా అనిపిస్తుందని ముందే చెప్పారు, అయినా చెయ్యి పెట్టి చూసుకున్నాను. నిమిషం పాటు టక్ టక్ మంటూ ఫోటోలు, అంతే.

సాయంత్రం కంప్యూటర్‌లో రంగుల పటం చూపించింది. ముద్ద అంచు ఎరుపు, పసుపు. నడిమి నీలం. "నిమిషానికి వంద గ్రాముల కండకు ఎన్ని మిల్లీలీటర్ల రక్తం అనేది ఈ అంకె అంకుల్."

"అంటే క్యూసెక్కులు" అన్నాను.

ఆమెకు క్యూసెక్కు తెలియదు. గేజి పెట్టి కాలువలో ప్రవాహం ఎలా కొలుస్తామో నేను చెప్పాను, కాంట్రాస్ట్ తెల్లదనం ఎంత వేగంగా ఎక్కిందో చూసి రక్తప్రవాహం ఎలా లెక్కిస్తారో ఆమె చెప్పింది. నా ముద్ద సగటు 62. నడిమిలో 14. తర్వాత పెట్ బొమ్మను దీని పక్కన పెట్టింది. నేను ముందుకు వంగి చూశాను. రక్తం సరిగా అందని ఆ నడిమి భాగం పెట్‌లో ఖాళీగా లేదు, బాగానే తింటోంది.

నీళ్లు రాని మడిలో పైరు పచ్చగా ఉందంటే మా లెక్క ప్రకారం ఎవడో బోరు వేశాడని అర్థం. ఆమె చెప్పింది కూడా ఇంచుమించు అదే. ఆక్సిజన్‌తో చక్కెరను పూర్తిగా కాలిస్తే ఒక గ్లూకోజ్ నుంచి కణానికి సుమారు 30 ముక్కల శక్తి వస్తుంది. ఆక్సిజన్ లేకుండా పులియబెడితే రెండే. అందుకని రక్తం తక్కువ అందే చోట కణాలు ఎక్కువ చక్కెర మింగి బతుకుతాయి. అసలు క్యాన్సర్ కణాలు ఆక్సిజన్ ఉన్నా ఇలా పులియబెట్టుకోవడానికే మొగ్గుతాయని ఓటో వార్‌బర్గ్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1920లలోనే గమనించాడట. ఆక్సిజన్ లేని కణం కరెంటుకు సులువుగా లొంగదని కూడా చెప్పింది. "అందుకేనా నాది మళ్లీ వచ్చింది?" అంటే, "కావచ్చు అంకుల్, అదేనని చెప్పలేం" అంది. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పకపోవడం వల్లే ఆ పిల్ల మాట మీద నాకు గురి.

కీమోతో పాటు బెవాసిజుమాబ్ అనే మందు పెట్టారు, రెండు వారాలకోసారి. గడ్డ పెరగాలంటే కొత్త రక్తనాళాలు పిలుచుకోవాలి, వాటిని ఆపితే గడ్డ ఆగుతుందని 1971లో జుడా ఫోక్‌మన్ అనే అమెరికన్ సర్జన్ రాశాడు. ఆ దారిలో వచ్చిన ఈ మందుకు ముదిరిన పెద్దపేగు క్యాన్సర్ కోసం అమెరికాలో 2004లో అనుమతి వచ్చింది. నాకొక అనుమానం వచ్చి డాక్టరు గారిని అడిగాను. "కాలువ మూసేస్తే కీమో మందు కూడా ఆ కాలువలోనే కదా సార్ పోవాలి?" ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. గడ్డ నాళాలు వంకరటింకరగా, కారుతూ ఉంటాయి, ఈ మందు మొదట్లో వాటిని కాస్త చక్కబరిచి కీమోను లోపలికి వెళ్లనిస్తుందని ఒక వాదన ఉందట. కారే పిల్ల కాలువలను పూడ్చాక మిగతా వాటిలో నీళ్లు నిబ్బరంగా పారడం నేను చూశాను కాబట్టి సరేననుకున్నాను.

నాలుగు వారాల తర్వాత రెండో పర్‌ఫ్యూజన్. ముద్ద సైజు 2.4 ఉన్నది 2.3. మా ఆవిడ మొహం వాడిపోయింది. రంగుల పటంలో మాత్రం ఎరుపు లేదు. సగటు 62 నుంచి 35కి పడింది. మూడు నెలలకు మళ్లీ పెట్ తీశారు. ఈసారి మూడు రోజుల ముందే మెట్‌ఫార్మిన్ ఆపించి వేరే మాత్ర ఇచ్చారు. పేగు తాళ్లు కనబడలేదు. ముద్ద స్పష్టంగా, విడిగా, లేతగా ఉంది. ఎస్‌యూవీ 2.9.

ఇప్పుడు ఆపరేషన్ చేసి దాన్ని తీసేద్దామంటున్నారు. బెవాసిజుమాబ్ ఆపి ఆరు వారాలైనా గడవాలి, కోసిన గాయం మానాలన్నా కొత్త రక్తనాళాలే కావాలి కాబట్టి. నాలుగు వారాలు అయ్యాయి. ఆపరేషన్‌కి ముందు ఇంకో పెట్ ఉంది. వంటింటి క్యాలెండర్‌లో ఆ తేదీకి రెండు రోజుల ముందు మా ఆవిడ ఎర్ర పెన్నుతో "మెట్‌ఫార్మిన్ బంద్" అని రాసింది. ఆ రోజు గడిలో బోండం బొమ్మ వేసి అడ్డంగా కొట్టేసింది.